కనిపించని ఫర్మానాలు

మమ్మల్ని అడిగే ప్రశ్నల్లో చాలా వాటికి జవాబులు మా దగ్గర ఉండవు. కాబూల్‌లో బాంబు పేలితే మమ్మల్ని అడుగుతారు. బాగ్దాద్‌లో ఒక నియంత పక్కదేశం మీద పడితే మమ్మల్ని అడుగుతారు. టెహరాన్‌లో కుర్రాళ్ళు రాయబార కార్యాలయం గోడ దూకితే మమ్మల్ని అడుగుతారు. "మీవాళ్ళు ఎందుకిలా ఉంటారు?" అన్నది ఆ ప్రశ్న. మేం బీడీలు చుట్టుకునేవాళ్ళం, దూది ఏకుకునేవాళ్ళం, సైకిల్ షాపుల్లో పంక్చర్లు వేసుకునేవాళ్ళం, బడిపంతుళ్ళం, గుమాస్తాలం. కాందహార్ ఎక్కడుందో పటంలో వెతుక్కోవలసినవాళ్ళం. అయినా ఆ "మీవాళ్ళు" అన్న మాటలో మేమూ ఉంటాం. అందుకు మా పేరు చాలు.

ఈ ప్రశ్నలకు జవాబులు ఖురాన్‌లో వెతుకుతారు కొందరు. హదీసుల్లో వెతుకుతారు మరికొందరు. చాలా జవాబులు వాషింగ్టన్ బీరువాల్లో ఉన్నాయి. అమెరికా అధ్యక్షులు సంతకం చేసి, రహస్య ముద్ర వేసి పెట్టిన కాగితాల్లో ఉన్నాయి. వాటిలో కొన్ని పాతికేళ్ళకు బయటికొచ్చాయి, కొన్ని అరవయ్యేళ్ళకు. ఈలోగా వాటి ఫలితాలు మాత్రం బాహాటంగానే నడిచాయి. లక్షలమంది చచ్చారు. దేశాలు కూలాయి. నింద వచ్చి ఒక మతం మీద పడింది. ఆ మతంలో పుట్టినవాళ్ళం కాబట్టి ఆ కాగితాల చరిత్ర మేం చదువుకోవాలి. మా లౌకికవాద మిత్రులు కూడా మాతో కలిసి చదవాలి.

హైదరాబాద్ రాజ్యంలో పుట్టిన పెద్దవాళ్ళకు ఫర్మానా అన్న మాట కొత్త కాదు. నిజాం మాటే చట్టం. దాని మీద వాదన లేదు, అప్పీలు లేదు. అది రాచరికం. అయినా ముఖ్యమైన ఫర్మానాలు జరీదాలో, అంటే ప్రభుత్వ గెజెట్‌లో, అచ్చయ్యేవి. తల వంచేవాడికి తాను దేనికి తల వంచుతున్నాడో తెలిసేది. ప్రపంచానికి ప్రజాస్వామ్యం నేర్పుతానని చెప్పుకునే దేశంలో, అధ్యక్షుడి ఫర్మానాల్లో ఒక రకానికి ఆపాటి వెలుగు కూడా లేదు.

అమెరికా అధ్యక్షుడి ఆజ్ఞల్లో ముఖ్యమైనవి రెండు రకాలు. మొదటిది కార్యనిర్వాహక ఉత్తర్వు. ఇది సాధారణంగా ఫెడరల్ రిజిస్టర్ అనే గెజెట్‌లో అచ్చు కావాలి. ఆ నియమం 1935లో చట్టమైంది. దాని వెనక ఒక చిత్రమైన కేసు ఉంది. టెక్సస్ చమురు వ్యాపారానికి సంబంధించిన ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తీరా చూస్తే, దేన్ని పట్టుకుని ప్రభుత్వం శిక్షలంటూ బెదిరించిందో ఆ నిబంధన, ఉత్తర్వును సవరించినప్పుడు పొరపాటున ఎగిరిపోయింది. లేని నిబంధన మీద కింది కోర్టుల్లో వాదనలు జరిగిపోయాయి. ఉత్తర్వులన్నీ ఒకచోట అచ్చు వేసే ఏర్పాటు లేకపోవడం వల్ల వచ్చిన తంటా అది. ఆ తలవంపులు చూశాకే గెజెట్ చట్టం వచ్చింది.

రెండోది జాతీయ భద్రతా ఆదేశం. 1947 జులై 26న ట్రూమన్ సంతకం చేసిన జాతీయ భద్రతా చట్టంలోంచి సి.ఐ.ఎ., జాతీయ భద్రతా మండలి కవలల్లా పుట్టాయి. చట్టం ప్రకారం మండలి పని సలహా చెప్పడమే. కింది అధికారులు ముసాయిదా రాస్తారు. విదేశాంగ శాఖ ఒకటంటుంది, రక్షణ శాఖ ఇంకొకటంటుంది. బేరాలాడుకుని ఒక కాగితం తయారుచేస్తారు. అధ్యక్షుడు దాని మీద సంతకం పెడతాడు. ఆ నిమిషం నుంచి సలహా కాస్తా ఆజ్ఞ అవుతుంది. సైన్యం, గూఢచారులు, ఖజానా, రాయబారులు అందరూ దానికి కట్టుబడాలి. దాన్ని గెజెట్‌లో వేయనక్కర్లేదు. కాంగ్రెస్‌కు ప్రతి పంపాలన్న నియమం కూడా లేదు. పేరు ఉత్తర్వు అయినా, ఆదేశం అయినా చట్టబలంలో తేడా లేదని అమెరికా న్యాయశాఖ 2000 జనవరిలో అభిప్రాయం రాసిచ్చింది. బలం రెండింటికీ ఒకటే. వెలుగు ఒకదానికే.

అధ్యక్షుడు మారినప్పుడల్లా వీటి పేరు మారుతుంది. ట్రూమన్, ఐసెన్‌హోవర్ కాలంలో ఇవి ఎన్.ఎస్.సి. పత్రాలు. కెనెడీ, జాన్సన్ కాలంలో కార్యాచరణ మెమొరాండాలు. నిక్సన్, ఫోర్డ్ కాలంలో నిర్ణయ మెమొరాండాలు. కార్టర్ వాటిని అధ్యక్ష ఆదేశాలన్నాడు. రీగన్ జాతీయ భద్రతా నిర్ణయ ఆదేశాలన్నాడు, ఎనిమిదేళ్ళలో మూడు వందలకు పైగా జారీచేశాడు. తర్వాత వచ్చినవాళ్ళూ తలా ఒక పేరు పెట్టుకున్నారు. 2025లో తిరిగొచ్చిన ట్రంప్ తన పాత పేరే మళ్ళీ తీశాడు. పాతవాడి కాగితాన్ని కొత్తవాడి కాగితం రద్దు చేసిందా, కొనసాగించిందా అన్నది బయటివాళ్ళకు తెలిసే దారి లేదు. ఈ ఆదేశాలు కాంగ్రెస్‌కు తెలిస్తే ఓ పద్ధతంటూ లేకుండా, ఒక్కోసారి కేవలం అనుకోకుండా తెలుస్తాయని, లేకపోతే అసలు తెలియవని ప్రతినిధుల సభ సభ్యుడు లీ హామిల్టన్ 1988లో ఒక ఉపసంఘం ముందు సాక్ష్యం చెప్పాడు. వాళ్ళ చట్టసభ సభ్యుడి గతే అది. ఇక ఆ ఆదేశాల కింద బతికే కాబూల్ కూలివాడి గతేమిటి?

1948 జూన్ 18 నాటి ఎన్.ఎస్.సి. 10/2 అనే పత్రం చూడండి. రహస్య ప్రచారం, విధ్వంసం, శత్రుదేశాల్లో రహస్య దళాలకు సాయం వంటివి ప్రభుత్వం చేయవచ్చునని, అది సి.ఐ.ఎ. పరిధిలో ఉండాలని ఆ పత్రం నిర్ణయించింది. ఒక షరతు పెట్టింది. పని బయటపడినా అమెరికా ప్రభుత్వం తనకు సంబంధం లేదని నమ్మదగ్గట్టుగా చెప్పుకునే వీలుండాలి. అంటే బొంకు కూడా పథకంలోనే రాసి ఉంది. చేసినవాడు బొంకితే, చేసిన పని ఎవరి ఖాతాలో పడుతుంది? అది జరిగిన చోట మిగిలినవాళ్ళ ఖాతాలో. మేం మోస్తున్న నిందకు మొదలు ఎక్కడో వెతుక్కోవాలంటే ఈ షరతు దగ్గర వెతకాలి.

1950లో ఎన్.ఎస్.సి. 68 వచ్చింది. పాల్ నిట్జ్ నాయకత్వంలో ఏప్రిల్ నాటికి తయారైంది, ట్రూమన్ సెప్టెంబర్ 30న ఆమోదించాడు. సోవియట్ యూనియన్‌ను అడ్డుకోవాలంటే ఆయుధబలం విపరీతంగా పెంచాలని దాని సారం. కొరియా యుద్ధం తోడయింది. కొద్దికాలంలోనే అమెరికా రక్షణ ఖర్చు మూడు రెట్లు దాటింది. ఆ పత్రం మీద రహస్య ముద్ర తీసింది 1975లో. ఏ సిద్ధాంతం ప్రకారం తన చేత పన్ను కట్టిస్తున్నారో అమెరికా పౌరుడు పాతికేళ్ళపాటు చదవలేకపోయాడు.

బొంకు షరతు ఎలా పనిచేస్తుందో ఇరాన్ చూపించింది. 1951లో ఇరాన్ చమురును మొసాద్దెగ్ జాతీయం చేశాడు. ఆయన ముల్లా కాడు, మతరాజ్యం కోరినవాడు కాడు. పార్లమెంటును, రాజ్యాంగాన్ని నమ్ముకున్న జాతీయవాది. పోయింది బ్రిటిష్ కంపెనీ ఆస్తి. బ్రిటన్ అడిగింది, ఐసెన్‌హోవర్ ప్రభుత్వం ఒప్పుకుంది. 1953 ఆగస్టు 19న సి.ఐ.ఎ., బ్రిటిష్ గూఢచారుల పథకంతో మొసాద్దెగ్‌ను కూలదోశారు. షా పాలన మరో పాతికేళ్ళు నడిచింది. మొసాద్దెగ్ 1967లో గృహనిర్బంధంలోనే చనిపోయాడు.

1979 నవంబర్‌లో టెహరాన్ విద్యార్థులు అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించారు. ప్రపంచమంతా ఆ దృశ్యాలు చూసింది. గడ్డాలు చూసింది, నల్లని చాదర్‌లు చూసింది, తగలబడుతున్న జెండాలు చూసింది. ముస్లిం కోపం అంటే ఇదీ అని నిర్ణయించుకుంది. బందీలను పట్టుకోవడం నేరమే. ఆ తర్వాత వచ్చిన మతరాజ్యం మొసాద్దెగ్ కలకన్నది కాదు. కానీ ఆ కోపానికి 26 ఏళ్ళ వెనక ఒక కారణం ఉందని ఆ దృశ్యాలు చెప్పలేదు. అమెరికా విదేశాంగ శాఖ 1989లో ఇరాన్ గురించి అధికారిక పత్రాల సంపుటం వేసింది. 1951 నుంచి 1954 దాకా జరిగిన చరిత్ర అది. అందులో సి.ఐ.ఎ. పాత్ర ప్రస్తావన లేదు. ఇదేం చరిత్ర అని వాళ్ళ చరిత్రకారులే తిరగబడ్డారు. 1991లో కాంగ్రెస్ చట్టం చేయవలసి వచ్చింది. సి.ఐ.ఎ. తన పాత్రను ఒప్పుకునే పత్రాలు 2013లో వెలుగు చూశాయి. అసలు సంపుటం 2017లో వచ్చింది. కుట్ర జరిగిన 64 ఏళ్ళకు!

ఇంతవరకు చెప్పింది విని మాలో కొందరు తలలూపుతారు. ఇదంతా ఇస్లాం మీద కుట్రేనంటారు. వాళ్ళు 1971 కాగితం కూడా చదవాలి. ఆ ఏడాది మార్చి నుంచి పాకిస్తాన్ సైన్యం తూర్పు బెంగాల్‌లో ఊచకోత సాగించింది. చచ్చినవాళ్ళలో హిందువులున్నారు, ముస్లింలున్నారు. చంపినవాళ్ళు కల్మా చదివేవాళ్ళు. ఢాకాలోని అమెరికన్ దౌత్యాధికారులు తమ ప్రభుత్వ మౌనాన్ని నిరసిస్తూ ఏప్రిల్ 6న తంతి పంపారు. ఏప్రిల్ 28న కిసింజర్ నిక్సన్ ముందు మూడు దారులున్న పత్రం పెట్టాడు. యాహ్యాఖాన్‌ను ఇప్పుడు ఇరుకున పెట్టవద్దని నిక్సన్ దాని మీద స్వహస్తంతో రాశాడు. ఎందుకు? చైనాతో రహస్య సంబంధాలకు పాకిస్తాన్ వారధి. జులైలో కిసింజర్ ఇస్లామాబాద్ మీదుగానే బీజింగ్ వెళ్ళొచ్చాడు. ఆ చేతిరాత పెట్టెలోంచి బయటపడింది 2002లో. బెంగాలీ ముస్లిం ప్రాణం అమెరికాకు పట్టలేదు. పాకిస్తాన్ పాలకులకు పట్టలేదు. ఉమ్మత్ అంటూ ఉపన్యాసాలిచ్చే దేశాల్లో ఎన్నింటికి పట్టింది?

ముస్లింలే కాదు, మిగతావాళ్ళూ ఈ కాగితాల కింద నలిగారు. 1965 ఏప్రిల్ 6న జాన్సన్ జారీచేసిన 328వ నంబరు మెమొరాండం వియత్నాంలో మెరైన్ల పనిని కాపలా నుంచి నేరుగా పోరాటానికి మార్చింది. ఈ సంగతి ముందుగా ప్రచారం కాకుండా అన్ని జాగ్రత్తలూ తీసుకోవాలని అందులోనే రాసి ఉంది. 1970 నవంబర్‌లో నిక్సన్ 93వ నంబరు మెమొరాండం చిలీ మీద వచ్చింది. పైకి మర్యాదగా, ముభావంగా ఉండాలి, లోపల అయెండే ప్రభుత్వాన్ని ఆర్థికంగా బిగించాలి అని అది చెప్పింది. వియత్నాం రైతుది మా మతం కాదు. చిలీ గని కార్మికుడిది మా మతం కాదు. ఒకే రకం కాగితం వాళ్ళనూ తొక్కింది, మమ్మల్నీ తొక్కింది. తేడా ఏమిటంటే, వాళ్ళ కష్టానికి వాళ్ళ మతగ్రంథాన్ని ఎవరూ దోషిగా నిలబెట్టలేదు.

అఫ్ఘనిస్తాన్ సంగతికి వద్దాం. ఆదేశాలకు తోడు ఫైండింగ్ అనే మరో రకం రహస్యపత్రం ఉంది. ఫలానా రహస్య చర్య దేశ భద్రతకు అవసరమని అధ్యక్షుడు తేల్చి, కాంగ్రెస్ సంఘాలకు చెప్పాలని 1974 చట్టం నియమం పెట్టింది. 1979 జులై 3న కార్టర్ అలాంటి పత్రం మీద సంతకం చేశాడు. కాబూల్‌లోని కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని ఎదిరిస్తున్నవాళ్ళకు ఆయుధాలు కాని సాయం అందించాలని దాని అర్థం. సోవియట్ సైన్యం ఆ దేశంలో దిగింది డిసెంబర్ చివర్లో. సాయం అంతకు ఆరునెలల ముందే మొదలైందన్న సంగతి 1990లలో ఆ ప్రభుత్వంలో పనిచేసినవాళ్ళు చెబితేగాని లోకానికి తెలియలేదు. సోవియట్ దురాక్రమణ దురాక్రమణే. దాన్ని మేం సమర్థించం. కాని కథ ఎక్కడ మొదలైందో దాచిపెట్టి చెబితే దాన్ని చరిత్ర అనలేం.

1985 మార్చి 27న రీగన్ ఎన్.ఎస్.డి.డి. 166 మీద సంతకం చేశాడు. సోవియట్ సైన్యాన్ని అఫ్ఘనిస్తాన్ నుంచి వెళ్ళగొట్టడమే లక్ష్యమని అది రాసింది. మరుసటేడు స్టింగర్ క్షిపణులు వచ్చాయి. అమెరికా డాలరుకు సౌదీ అరేబియా డాలరు జతచేసింది. ఆయుధాలు ఎవరికి పంచాలో పాకిస్తాన్ గూఢచారి సంస్థ నిర్ణయించింది. ఎక్కువ వాటా అత్యంత ఛాందసులకే చేరింది. అమెరికా ప్రభుత్వ డబ్బుతో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం అఫ్ఘన్ పిల్లలకు పాఠ్యపుస్తకాలు తయారుచేసింది. వాటిలో తుపాకులు, తూటాలు, జిహాద్ బొమ్మలు. 1983లో అఫ్ఘన్ యోధులను రీగన్ వైట్‌హౌస్‌లో కూర్చోబెట్టి గౌరవించాడు. ముజాహిద్ అన్న మాట అమెరికా పత్రికల్లో అప్పుడు వీరుడికి పర్యాయపదం.

1989 ఫిబ్రవరి 15న చివరి సోవియట్ సైనికుడు సరిహద్దు దాటాడు. వీరుల అవసరం తీరింది. ముక్కలైన దేశం, తుపాకులు పట్టిన కుర్రాళ్ళు, తూటాలు లెక్కపెట్టడం నేర్పిన పుస్తకాలు మిగిలాయి. పన్నెండేళ్ళు తిరగకుండానే ఆ మాటకు అర్థం మారింది. వీరుడు ఉగ్రవాది అయ్యాడు. మాటను పెంచినవాడు ఒకడు, మార్చినవాడూ వాడే. ఆ మాట అర్థం ఏమిటో సంజాయిషీ చెప్పుకోవలసింది మాత్రం మా మసీదు మౌల్వీ.

ఇరాక్ కథ ఇంకా విడ్డూరం. 1983 నవంబర్ 26న ఎన్.ఎస్.డి.డి. 114 వచ్చింది. ఇరాన్, ఇరాక్ యుద్ధంలో అమెరికాకు కావలసింది గల్ఫ్ నుంచి చమురు ఆగకపోవడం. డిసెంబర్ 20న రమ్స్‌ఫెల్డ్ బాగ్దాద్ వెళ్ళి సద్దాంతో చేతులు కలిపాడు. ఇంకోవైపు 1986 జనవరి 17న అదే రీగన్ ఇరాన్‌కు ఆయుధాలు అమ్మే రహస్య పత్రం మీద సంతకం చేసి, కాంగ్రెస్‌కు చెప్పవద్దన్నాడు. ఆ యుద్ధంలో రెండువైపులా చచ్చింది ముస్లింలు. రెండువైపులకూ సాయం అందింది ఒకే కార్యాలయం నుంచి. 1988 మార్చి 16న హలబ్జాలో సద్దాం సైన్యం విషవాయువు వదిలితే సుమారు 5000 మంది కుర్దులు చచ్చిపోయారు. వాళ్ళూ ముస్లింలే.

ఆ తర్వాత ఏడాదిన్నరకు, 1989 అక్టోబర్ 2న, పెద్ద బుష్ ఎన్.ఎస్.డి. 26 మీద సంతకం చేశాడు. ఇరాక్‌తో సంబంధాలు మామూలుగా ఉండాలి, ఆర్థిక, రాజకీయ ప్రోత్సాహకాలిచ్చి దాని నడవడి మార్చాలి అన్నది అందులోని విధానం. గల్ఫ్ చమురు అందుబాటు, అక్కడి మిత్రదేశాల భద్రత అమెరికాకు ప్రాణప్రదం అన్న వాక్యంతో ఆ పత్రం మొదలవుతుంది. 1991 జనవరి 15న అదే బుష్ ఎన్.ఎస్.డి. 54 మీద సంతకం చేశాడు. ఇరాక్ మీద యుద్ధానికి ఆజ్ఞ అది. అది కూడా అదే వాక్యంతో మొదలవుతుంది. పైగా తాను 26వ ఆదేశానికి అనుగుణంగానే ఉన్నానని చెప్పుకుంటుంది. చెయ్యి కలపమన్న కాగితానికీ, బాంబులెయ్యమన్న కాగితానికీ మొదటి వాక్యం ఒక్కటే. ఆ వాక్యంలో ఇస్లాం లేదు. ప్రజాస్వామ్యం లేదు. హలబ్జా లేదు. చమురు ఉంది.

26వ ఆదేశం వల్లనే సద్దాం కువైట్ మీద పడ్డాడని మేం అనం. సద్దాం నేరం సద్దాందే. కాని 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినప్పుడు దారినపడ్డవాళ్ళలో మన తెలుగువాళ్ళున్నారు. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి, హైదరాబాద్ పాతబస్తీ నుంచి అప్పులు చేసి వెళ్ళినవాళ్ళు. డ్రైవర్లు, కూలీలు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు. ఎందరో ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి విమానాల్లో తిరిగొచ్చారు. లక్షమందికి పైగా భారతీయులను అలా తీసుకొచ్చారు. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు కలిసి వచ్చారు. అందరి చేతులూ ఖాళీయే. పది నెలల ముందు సంతకమైన కాగితం గురించి వాళ్ళలో ఎవరికీ తెలియదు. ఆ డిసెంబర్‌లోనే హైదరాబాద్ మతకలహాల్లో తగలబడింది. పాతబస్తీకి తిరిగొచ్చినవాళ్ళు మూడు నాలుగు నెలలకే కర్ఫ్యూ చూశారు.

ఆ రోజుల్లో మావాళ్ళలో పుట్టిన పిల్లలకు సద్దాం అని పేరు పెట్టుకున్న కుటుంబాలున్నాయి. దాన్ని పట్టుకుని దేశభక్తి లేదన్నారు. ఆ తల్లిదండ్రులకు హలబ్జా గురించి ఎవరు చెప్పారు? సద్దాంతో అమెరికా చేతులు కలిపిన సంగతి ఎవరు చెప్పారు? వాళ్ళకు కనిపించింది ఒక్కటే. పెద్దదేశాన్ని ఎదిరించి నిలబడ్డ ముస్లిం పేరు. సద్దాం ఎంతమంది ముస్లింలను చంపాడో మేమే మావాళ్ళకు చెప్పుకోవాలి. తలుపులు మూసిన గదిలో చరిత్ర తయారైతే బయట పుకార్లూ, ఆరాధనలూ పుడతాయి. కుట్ర సిద్ధాంతాలను చూసి నవ్వే మేధావులు, వాటిని పుట్టించే రహస్యాన్ని చూసి ఎందుకు కోప్పడరు?

2001 సెప్టెంబర్ 11న మూడువేల మంది అమాయకుల్ని చంపారు. చంపినవాళ్ళు మా మతం పేరు చెప్పారు. మేం దాన్ని నేరమనే అన్నాం, అంటాం. ఆ తర్వాత జరిగిందీ చూడాలి. సెప్టెంబర్ 17న చిన్న బుష్ అనుమానితుల్ని పట్టి నిర్బంధించే అధికారం సి.ఐ.ఎ.కి ఇస్తూ రహస్యపత్రం మీద సంతకం చేశాడు. అక్టోబర్ 4న వారంట్ లేకుండా సంభాషణలు వినడానికి ఇంకో సంతకం. అది 2005 డిసెంబర్‌లో పత్రికలో వచ్చేదాకా జనానికి తెలియదు. 2002 ఫిబ్రవరి 7న పట్టుబడ్డ అల్‌ఖైదా, తాలిబాన్‌వాళ్ళకు జెనీవా ఒప్పందాల రక్షణ లేదని మరో మెమొరాండం. సి.ఐ.ఎ. రహస్య జైళ్ళ మీద సెనేట్ సంఘం నివేదిక సారాంశం 2014 డిసెంబర్‌లో వెలువడింది. నిర్బంధించిన 119 మందిలో కనీసం 26 మందిని అన్యాయంగా పట్టుకున్నారని అది తేల్చింది. గ్వాంటనామోలో మొత్తం సుమారు 780 మందిని ఉంచారు. వారిలో అత్యధికుల మీద ఏ కేసూ నడవలేదు. 2025 జనవరి నాటికి 15 మంది మిగిలారు.

ఇది ఒక్క పార్టీ పాపం కూడా కాదు. ఉగ్రవాద అనుమానితుల్ని ఆయా దేశాల అనుమతి లేకుండానైనా బలవంతంగా పట్టి తేవచ్చునని 1995 జూన్‌లోనే క్లింటన్ ఆదేశం చెప్పింది. పేరులో హుస్సేన్ ఉన్న అధ్యక్షుడు వచ్చాడని మావాళ్ళలో కొందరు మురిశారు. యుద్ధభూమికి దూరంగా ఉన్న దేశాల్లో డ్రోన్లతో ఎవర్ని చంపవచ్చో నిర్ణయించే నియమాలను ఆయన 2013 మే 22న ఆమోదించాడు. పౌరహక్కుల సంఘం కోర్టుకెక్కితే 2016 ఆగస్టులో అవి బయటికొచ్చాయి. పేరును బట్టి మనిషిని లెక్కకట్టడం తప్పని మేం లోకానికి చెబుతుంటాం. ఈ విషయంలో మావాళ్ళకూ అదే చెప్పాలి.

ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పాలి. ఈ కాగితాలను బయటికి లాగింది ఎక్కువగా అమెరికన్లే. విలేకరులు, చరిత్రకారులు, లాయర్లు, గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్ళు. 1966లో వచ్చిన సమాచార స్వేచ్ఛా చట్టాన్ని ఆయుధం చేసుకుని ఏళ్ళ తరబడి కోర్టుల్లో కొట్లాడారు. 2013 డిసెంబర్‌లో ఒక ఒబామా ఆదేశాన్ని దాచబోతే, రహస్య చట్టంతో పాలించాలనుకునే ధోరణిని వాషింగ్టన్ న్యాయమూర్తి ఎలెన్ హువెల్ తప్పుపట్టింది. ఆ పత్రం ఇవ్వమంది. ముస్లింలంతా ఒక్కటే అంటే మాకు ఎంత కోపమో, అమెరికన్లంతా ఒక్కటే అనడం కూడా అంతే తప్పు.

మరి మన ఇంట్లో? 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ మీద పోలీసు చర్య జరిగింది. రజాకార్ల దారుణాలను మేం దాచం. వాటి గురించి ఎన్నో పుస్తకాలున్నాయి, ఉండాలి కూడా. పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత ముస్లింల మీద జరిగిన హత్యాకాండను విచారించడానికి పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ వంటివారిని ప్రభుత్వమే పంపింది. తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని వాళ్ళు అంచనా వేశారు. అందరికంటే ఎక్కువ నష్టపోయింది ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. 2013లో గాని ఢిల్లీలోని నెహ్రూ మ్యూజియం గ్రంథాలయంలో చదివే వీలు రాలేదు. అది ఆదేశం కాదు, నివేదికే. కాని మూతపెట్టిన పద్ధతి అదే. రజాకార్ అన్న తిట్టు మాత్రం ఆ 65 ఏళ్ళూ మూతపడలేదు. నిజాం కాలంలో రిక్షా తొక్కినవాడి మనవడి మీద కూడా పడింది.

తెల్లవాళ్ళు 1923లో చేసిన అధికార రహస్యాల చట్టం స్వతంత్ర భారతంలోనూ కొనసాగింది. 2005 సమాచార హక్కు చట్టం వచ్చింది, మంచిదే. గూఢచారి సంస్థలను మాత్రం దాని పరిధినుంచి తప్పించారు. కొన్ని రహస్యాలు ఉండాలని మాకూ తెలుసు. సైన్యం రేపు ఎటు కదులుతుందో ఇవాళ పత్రికలో వేయమని ఎవరూ అడగరు. మేం అడిగేది వేరు. విధానం రహస్యం కాకూడదు. ఎవర్ని మిత్రుడనాలి, ఎవర్ని శత్రువనాలి, ఏ జనాన్ని అనుమానించాలి అన్న నిర్ణయాలు చట్టసభ చూడాలి. గడువు తీరాక ప్రతి కాగితమూ జనం ముందుకు రావాలి. ఈ పోరాటం ముస్లింల పోరాటం అని పక్కన పెట్టడానికి లేదు. దళితులు, ఆదివాసులు, కార్మికులు, లౌకికవాదులు, పత్రికలవాళ్ళు అందరికీ ఇందులో పని ఉంది.

2019లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు ఈ దేశంలో ముస్లింలు ఇనపపెట్టెలు తెరిచి కాగితాలు వెతుక్కున్నారు. తాత పుట్టిన ఊరు, నాన్న చదివిన బడి, రేషన్ కార్డులో అక్షరదోషం. ఈ మట్టిలో పుట్టామని రుజువు చేసే ముక్క ఒక్కటైనా దొరుకుతుందా అని రాత్రిళ్ళు వెతుక్కున్నవాళ్ళున్నారు. పౌరుడు తన కాగితాలు రాజ్యానికి చూపించాలట. రాజ్యం తన కాగితాలు పౌరుడికి చూపించదట. వాషింగ్టన్‌లోనైనా, ఢిల్లీలోనైనా ఈ లెక్క తిరగబడాలి. మా చరిత్ర మేం రాసుకోవడానికి మా జ్ఞాపకాలు ఉన్నాయి, మా పెద్దవాళ్ళ మాటలు ఉన్నాయి. వాళ్ళ బీరువాల్లో ఉన్న మా చరిత్ర భాగం కూడా మాకు కావాలి. అది భిక్షగా అడగడం లేదు. బాకీగా అడుగుతున్నాం.